తారీఖులు మరువకు బిడ్డా

చి. మేనకోడలికి మామ ఆశీస్సులు.

ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాళ్ల కాంట్రాక్టులు చూసే కొలువు దొరికిందని రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఎంత సంబురపడ్డనో అంత బుగులు కూడా పట్టుకుంది. పదో తరగతి పరీక్ష ఫీజు ఫైన్‌తో కట్టిన పిల్లవు నువ్వు. ఈ పనిలో ఫైన్ కడతానన్నా తలుపు తెరవరు.

వైద్య పరీక్ష సంతకానికి ముందే చేయించు. పరీక్షలో పాసైతేనే ఒప్పందం చెల్లుతదని రాస్తే ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఒప్పుకోదు. 18 నిండని పిల్లలతో 3 ఏళ్లకు మించి రాసుకోవద్దు.

చేరిన రోజే ఒక పట్టిక గీసుకో. పేరు, వయసు, ఒప్పందం ముగిసే తారీఖు, పొడిగించే హక్కు ఉంటే అది ఎవరిది, ఏ రోజులోపు వాడాలె. 18 నెలలు మిగిలినప్పుడే ఆటగాణ్ని పిలిచి మాట్లాడాలె. ఏడాది మిగిలేసరికి కొత్త సంతకమన్నా కావాలె, అమ్మకమన్నా కావాలె. అది దాటితే మన బత్తాయి తోట లెక్కే. కాయ ఎప్పుడు రాలుతదో తెలిసిన వ్యాపారి ధర పెంచడు. చివరి 6 నెలల్లో అతడు మిమ్మల్ని అడగకుండానే ఇంకో క్లబ్బుకు సంతకం పెట్టొచ్చు, గడువు తీరినంక మీకు పైసా రాదు.

ఇగ నాకు నిద్ర పట్టనియ్యని సంగతి. 2017 ఆగస్టు 31న ఇంగ్లండ్‌లోని లెస్టర్ సిటీ, పోర్చుగల్ ఆటగాడు అడ్రియన్ సిల్వాను స్పోర్టింగ్ లిస్బన్ నుంచి కొన్నది. ధర కుదిరింది, అతడూ ఒప్పుకున్నడు. కాగితాలు ఫిఫాకు చేరేసరికి ఆటగాళ్ల బదిలీ గడువు 14 సెకన్లు దాటింది. పద్నాలుగే బిడ్డా! బతిమాలినా ఫిఫా వినలేదు. పాత క్లబ్బును వదిలిండు, కొత్త క్లబ్బుకు ఆడలేడు. జనవరి దాకా ప్రాక్టీసు చేసుకుంట కూర్చున్నడు.

ఎందుకట్ల అయితదో చూడు. దేశం దాటే బదిలీలో రెండు క్లబ్బులూ టీఎంఎస్‌ అనే ఫిఫా ఆన్‌లైన్ బదిలీ వ్యవస్థలో వివరాలు ఎక్కించాలె. అమ్మినోళ్లు ఒక తీరు, కొన్నోళ్లు ఒక తీరు రాస్తే అక్కడే ఆగుతది. వాయిదాల తారీఖు ఒక్కటి తేడా ఉన్నా అంతే. ఒప్పందం, బదిలీ పత్రం, పాస్‌పోర్టు, ఆటగాడి మీద మూడో మనిషికి హక్కు లేదన్న పత్రం అన్నీ జతచెయ్యాలె. అవన్నీ సరిపోయినంకనే కొత్త దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య పాత దేశపు సమాఖ్యను బదిలీ ధ్రువపత్రం అడుగుతది. ఆ అడగడం బదిలీల గడువు ముగిసేలోపు జరగాలె. అందుకే నీ డైరీలో గడువును 3 రోజులు ముందుకు రాసుకో. పెద్దసార్లు ఆఖరి గంట దాకా బేరమాడతరు, నీ మీద అరుస్తరు కూడా. అరవనియ్యి. ధర తేలకముందే మిగతా కాగితాలు ఎక్కించి పెట్టు. గోడ గడియారాన్ని నమ్మకు, ఏ దేశపు టైమో అడుగు.

జీతాల సంగతి కూడా. 2 నెలల జీతం ఆగితే ఆటగాడు నోటీసిచ్చి, 15 రోజులు చూసి, న్యాయంగా వెళ్లిపోవచ్చు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బు 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రెండేళ్లు తిరగకముందే బకాయిలతో ఆటగాళ్లు ఒక్కొక్కరే పోయిండ్రు. జీతం ఆలస్యమైతదని తెలిసిన రోజే పైవాళ్లకు రాతపూర్వకంగా చెప్పు. భయపడకు, నువ్వు ధైర్యం గల పిల్లవు.

టైముకు తిను. ఆదివారం ఫోన్ చెయ్యి. పేర్లు చెప్పొద్దు, అవి క్లబ్బు రహస్యం. ఏడాదిలోపు గడువు తీరేటోళ్లు ఎంతమందో అంకె చెప్పు చాలు.

మీ మామ,
నల్లగొండ