మెట్లు దిగాక తట్టే జవాబు

ప్రశ్న: ఆఫీసు మీటింగులో ఒకాయన అందరి ముందూ నాకు చురక అంటించాడు. నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతుంటే బ్రహ్మాండమైన జవాబు తట్టింది. రాత్రి రెండింటిదాకా దాన్నే మనసులో అనుకుంటూ దొర్లాను. నాకు బుర్ర తక్కువా?
- ఒక పాఠకురాలు

జవాబు: అదేం లేదండీ. మీ బాధకి ఫ్రెంచివాళ్లు ఎప్పుడో పేరు పెట్టేశారు, ‘మెట్ల తెలివి’ అని. ఆ పేరు పుట్టింది డెనీ డిడెరో మాటలోంచి. 1713లో పుట్టిన ఈయన కత్తులు చేసే ఆయన కొడుకు. పాతికేళ్లు చాకిరీ చేసి, 17 సంపుటాల విజ్ఞాన సర్వస్వాన్నీ, బొమ్మల సంపుటాలు ఇంకో 11నీ బయటికి తెచ్చాడు. మేజోళ్లు అల్లే మిషను ఎలా నడుస్తుందో కూడా తనే కూర్చుని రాశాడు. అన్నిటికీ జవాబున్న మనిషి అన్నమాట.

అంతటివాడూ ఒకసారి పారిస్‌లో నెకెర్ అనే పెద్దమనిషి ఇంట్లో భోజనాల దగ్గర వాదనకి దిగాడు. మార్మొంతెల్ అనే రచయిత వెటకారంగా ఒక్క మాటన్నాడు. డిడెరో నోరు టక్కున మూతపడింది. ఇంకొకరైతే ఆ సంగతి దాచుకునేవారు. ఈయన రాసి పెట్టాడు: నాలాంటి సున్నితమైనవాడు ఎదుటివాడి మాటకే కొట్టుకుపోయి తబ్బిబ్బవుతాడు, మళ్లీ తేరుకునేది మెట్ల కిందికి చేరాకే అని. గొప్పింటి విందులు మేడ మీద జరిగేవి కాబట్టి, మెట్ల కింద అంటే చెప్పులో కాలు పెట్టే వేళ అనుకోండి.

ఆ మాట రాసింది నటన గురించిన సంభాషణలో. జనాన్ని ఏడిపించే నటుడు లోపల తాను ఏడవకూడదు, చల్లగా ఉండాలి అని అందులో ఆయన వాదన. మీ మీటింగు పెద్దాయన కూడా ఆ చురకని దారిలోనే నూరుకుని వచ్చాడేమో! మీరు మాత్రం దాన్ని అప్పుడే, నిజంగా విన్నారు. ఆలస్యం అక్కడొచ్చింది. ఒక ఎడిటరు గారు పద్నాలుగేళ్ల కిందట నా వ్యాసం చప్పగా ఉందన్నారు. దానికి సరైన జవాబు నాకు నిరుడు తట్టింది.

డిడెరో 1784లో పోయాడు. ఆ సంభాషణ అచ్చయింది 1830లో. అప్పటికి మార్మొంతెల్ కూడా లేడు.

ప్రశ్న: కొత్త సోఫా కొన్నాం. అప్పట్నుంచి కర్టెన్లు వెలిసిపోయినట్టు, గోడలు మాసినట్టు కనిపిస్తున్నాయి. మావారు నవ్వుతున్నారు. ఇదేం పిచ్చి?
- ఇంకో పాఠకురాలు

జవాబు: దీనికీ డిడెరోనే పిలవాలి. ఆయనకి ఎర్రటి కొత్త గౌను ఒకటి వచ్చింది, ఇంట్లో వేసుకునేది. పాతది పారేశాడు. తర్వాత దాని కోసం ఏడుస్తూ వ్యాసం రాశాడు. పుస్తకం మీద దుమ్ముంటే పాత గౌను అంచు తుడుపుగుడ్డ అయ్యేది. సిరా చిక్కబడి కలం సాగకపోతే తన పక్క భాగం అందించేది. ఆ పొడుగాటి నల్ల చారలు చూస్తే రాసుకునేవాడని తెలిసేదట. కొత్త గౌనులో పనీపాటా లేని డబ్బున్నవాడిలా ఉన్నానని ఆయన గోల.

గౌను పక్కన గడ్డి కుర్చీ వెలవెలబోయింది, తోలు కుర్చీ వచ్చింది. హోమర్, వర్జిల్ బరువుకి వంగిన చెక్క పలక పోయి నగిషీల బీరువా వచ్చింది. కాగితాలు గుట్టపడిన బల్లకీ అదే గతి. పాత గౌనుకి నేను యజమానిని, కొత్తదానికి బానిసని అన్నాడు. ఇలా ఒక వస్తువు వెంట ఇంకోటి రావడాన్ని ఇప్పుడు ‘డిడెరో ఎఫెక్ట్’ అంటారు, కాబట్టి మీవారి నవ్వుకి టెన్షన్ పడకండి.

అన్నీ మార్చినా, ఒక పాత తివాచీ మాత్రం ఆయన తీయనివ్వలేదు. పొద్దున్నే గదిలోకి రాగానే అది కనపడాలిట. మీ పాత సోఫా ఇంకా గుమ్మం దాటకపోతే, దాని దిండు ఒకటి అట్టేపెట్టుకోండి.