మూడడుగుల తొట్టికి ఏ కొండచిలువ?

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. పైథాన్ (కొండచిలువ) కొనిపెట్టమని ఏడాదిగా పోరు పెడుతున్నాడు. ఒకప్పుడు చేపలు పెంచిన 40 గ్యాలన్ల గాజు తొట్టి (36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 16 ఎత్తు) ఖాళీగా ఉంది. ఇంతకంటే పెద్దది పెట్టడానికి చోటు లేదు. షాపులో బాల్ పైథాన్ తీసుకోమంటున్నారు. సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: పిల్లగా ఉన్నన్నాళ్లు సరిపోతుంది, తర్వాత సరిపోదు. షాపులో చూపించే బాల్ పైథాన్ పిల్ల మూరెడు కూడా ఉండదు. మూడు నాలుగేళ్లలో ఆడదైతే నాలుగైదు అడుగులు, మగదైతే మూడడుగుల దాకా పెరుగుతుంది. పైగా ఇరవై, ముప్పయ్యేళ్లు బతుకుతుంది. పాము ఒళ్లు పూర్తిగా చాచుకోగలగాలి కాబట్టి, ఎదిగిన బాల్ పైథాన్‌కు 4×2×2 అడుగుల గూడు కనీసం ఉండాలన్నది మా లెక్క. చోటు లేదని మీరే రాశారు గనక అది వద్దు.

మీ తొట్టికి తగినది స్పాటెడ్ పైథాన్. ఆస్ట్రేలియా జాతి, ఎదిగాక మూడడుగులు, మహా అయితే కాస్త పైన. సన్నగా, చురుగ్గా ఉంటుంది. దాని దగ్గరి బంధువు చిల్డ్రన్స్ పైథాన్ ఇంకాస్త పొట్టి, అదీ బాగానే ఉంటుంది. రెండడుగుల్లోపే ఆగిపోయే పిగ్మీ పైథాన్ కూడా ఉంది గానీ దొరకడం కష్టం. ‘సూపర్ డ్వార్ఫ్’ అని అమ్మే రెటిక్యులేటెడ్ పైథాన్‌ను మాత్రం నమ్మకండి. పేరులోనే పొట్టి, ఆరడుగులు దాటేవి మామూలే. రెటిక్యులేటెడ్ జాతికి టెక్సస్‌లో పర్మిట్ కూడా ఉండాలి.

స్పాటెడ్ పైథాన్‌తో చిక్కు మొదట్లోనే వస్తుంది. అడవిలో దీని పిల్లలు బల్లుల్ని తింటాయి. అందుకే గుడ్డులోంచి వచ్చిన కొత్తలో కొన్ని చిట్టెలుక పిల్లల్ని ముట్టవు, చేతిని మాత్రం చటుక్కున కరుస్తాయి. ఏడాది వయసున్న, ఫ్రోజెన్ చిట్టెలుకలు తినడం అలవాటైన పామునే కొనండి. కనీసం చివరి పది మేతల తేదీలు రాసిపెట్టిన పెంపకందారు దగ్గర కొంటే మంచిది. కొనేముందు మీ ఎదుటే ఒకసారి తినిపించమనండి.

ఇక తొట్టి. చేపల తొట్టికి పైన జాలీ మూత ఉంటే వేడి, తేమ రెండూ పైకే పోతాయి. జాలీలో మూడింట రెండొంతులు అక్రిలిక్ షీటుతో మూసి, హీటర్ పెట్టే భాగం వదిలేయండి. మూతకు నాలుగు వైపులా క్లిప్పులు తప్పనిసరి. వేలు దూరే సందుంటే ఈ పాము దూరిపోతుంది. ఒక చివర జాలీ మీద 100 వాట్ల సెరామిక్ హీటర్ పెట్టండి. హోల్డర్ పింగాణీదే వాడాలి, ప్లాస్టిక్‌దైతే కరుగుతుంది. దాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టకుండా థర్మోస్టాట్‌కు కలిపి, సెన్సర్‌ను పాము పడుకునే ఎత్తులో బిగించండి. వేడి చివర 32–33, చల్లటి చివర 25–26 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ వల్లే పాములకు పొట్ట కాలేది. ఒళ్లు కాలుతున్నా పాము అక్కణ్నుంచి లేచి పోదు.

రెండు చివర్లా ఒక్కొక్క దాగుడు పెట్టె ఉంచండి. చుట్ట చుట్టుకుంటే ఒళ్లు గోడలకు ఆనేంత ఇరుకుగా ఉండాలి. విశాలమైన దాంట్లో పాముకు భద్రంగా అనిపించదు. కింద రెండంగుళాల మందాన కొబ్బరి పొట్టు పరచండి. దేవదారు పొట్టు వద్దు, దాని నూనెలు ఊపిరితిత్తులకు చెరుపు.

మేత ఎదిగిన పాముకు పది, పద్నాలుగు రోజులకొక చిట్టెలుక. పాము నడుమంత లావుంటే చాలు. రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, కవర్లోనే గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, తుడిచి పొడవాటి పటకారుతో అందించండి. మైక్రోవేవ్ వద్దు, పొట్ట పగులుతుంది. తిన్నాక రెండు రోజులు పామును పట్టుకోకూడదు, పట్టుకుంటే కక్కేస్తుంది. అన్నట్టు, ఫ్రీజర్‌లో చిట్టెలుకల ప్యాకెట్‌కు ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందే తేల్చుకోండి. మా దగ్గరికొచ్చే ఉత్తరాల్లో గొడవలు ఎక్కువగా అక్కడే. చిన్న ఫ్రీజర్ విడిగా కొంటే పోతుంది. సాల్మొనెల్లా భయం ఉంది కాబట్టి పామును తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. అయిదేళ్లలోపు పిల్లల్ని తాకనివ్వకండి.

ప్రశ్న: మా మగ బాల్ పైథాన్‌కు నాలుగేళ్లు. డిసెంబర్ నుంచి ఏమీ తినట్లేదు, రెండు నెలలైంది. బతికున్న ఎలుకను వదలమంటారా?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: వదలొద్దు. ఆకలి లేని పామును ఎలుకే కొరికి పెడుతుంది. ఎదిగిన మగ బాల్ పైథాన్ చలికాలంలో నెలల తరబడి పస్తుండటం మామూలే. వంటింటి డిజిటల్ త్రాసు మీద వారానికోసారి తూచి రాసుకోండి. బరువులో పదో వంతు తగ్గినా, ఊపిరిలో గురక లాంటి చప్పుడు, నోట్లో నురగ కనిపించినా సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఈలోగా తేమ కొలిచే హైగ్రోమీటర్ చూడండి. హీటింగ్ నడిచే ఇళ్లలో తేమ 30 శాతానికి పడిపోతుంది. దీనికి 60 దాకా కావాలి. పొద్దుగూకాక, ఎలుక తలను హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చజేసి చూపించండి. తినకపోతే పది రోజుల దాకా మళ్లీ ప్రయత్నించకండి, రోజూ చూపిస్తే ఇంకా బిగుసుకుంటుంది.

ప్రశ్న: పొలంలో కొండచిలువ పిల్ల దొరికింది. ఇంట్లో పెంచుకోవచ్చా?
– వికారాబాద్ నుంచి

జవాబు: కుదరదు. మన కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఇంట్లో ఉంచుకుంటే మూడు నుంచి ఏడేళ్ల జైలు. పైగా అది పదడుగులు దాటి పెరిగే జాతి. గాలి ఆడే సంచిలో నీడన ఉంచి, ఇవాళే అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. విదేశీ జాతి బాల్ పైథాన్ అయినా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు చూపించని అమ్మకందారు దగ్గర కొనకండి.

ప్రశ్న: ‘స్పైడర్’ రకం బాల్ పైథాన్ తక్కువ ధరకు వస్తోంది, కానీ తల వణుకుతోంది. భయపడుతోందా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: భయం కాదు, ఆ రంగును తెచ్చే జన్యువుతోనే వచ్చే నరాల లోపం. అది తగ్గదు. కొన్నింటికి మేత మీద గురి కూడా కుదరదు. ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.