పగలు నిద్రపోయేవారికి ‘రాత్రి క్రీము’ ఎప్పుడు?

ప్రశ్న: నా వయసు 29. వారంలో ఐదు రోజులు రాత్రి షిఫ్టు. ఉదయం ఏడింటికి పని ముగించుకుని ఎండలోనే ఇంటికి చేరి, తొమ్మిదింటికి పడుకుని, మధ్యాహ్నం మూడింటికి లేస్తాను. విటమిన్‌ సి సీరమ్‌ ఉదయం, రెటినాల్‌ (విటమిన్‌ ఎ రకపు పూత) రాత్రి రాసుకోవాలట. నాకు ఏది ఉదయమో, ఏది రాత్రో తేలడం లేదు. పైగా ఒక్కో పూతకూ మధ్య పది నిమిషాలు ఆగాలని ఎవరో చెప్పడంతో గంటసేపు అద్దం ముందే గడిచిపోతోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ‘ఉదయం’ అన్నచోట ఎండలోకి వెళ్లే ముందు అనీ, ‘రాత్రి’ అన్నచోట పడుకోబోయే ముందు అనీ చదువుకోండి, మీ చిక్కు చాలావరకు విడిపోతుంది. వెలుతురు తగిలితే రెటినాల్‌ శక్తి తగ్గుతుంది, చర్మం కూడా ఎండకు తేలిగ్గా కందుతుంది కాబట్టే దాన్ని రాత్రికి కేటాయించారు తప్ప గడియారంతో దానికి పనిలేదు. కర్టెన్లు వేసిన గదిలో పడుకునేటట్లయితే తొమ్మిది గంటలే మీకు రాత్రి.

మీ దినచర్యలో నాకు లోపంగా తోచింది వేరే ఉంది. ఇంటికి తిరిగి వచ్చే దారిలో ముఖానికి ఎండ తగులుతున్నా సన్‌స్క్రీన్‌ ఊసే మీ ఉత్తరంలో లేదు. బయల్దేరడానికి 15 నిమిషాల ముందు, ఎస్‌పీఎఫ్‌ (ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే అంకె) 30 లేదా అంతకు మించినది, చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలుగా తీసుకుని ముఖానికీ మెడకూ పట్టించండి. వాహనం అద్దాలు మూసి ఉన్నా ఎండలోని యూవీఏ కిరణాలు కొంత లోపలికి వస్తూనే ఉంటాయి. విటమిన్‌ సి సన్‌స్క్రీన్‌కు తోడుగా పనిచేస్తుంది కనుక, పనిచేసే చోట ముఖం కడుక్కునే వీలుంటే అక్కడే ముందుగా రాసుకోవచ్చు. లేకపోతే మూడింటికి లేచాక సరిపోతుంది. అప్పుడు ఎండ ఉండగానే బయటికి వెళ్తే మళ్లీ సన్‌స్క్రీన్‌ తప్పదు, ఆరుబయటే ఉండిపోతే రెండు గంటలకోసారి.

ఇక ఆగడం సంగతి. ప్రతి పూతకూ పది నిమిషాలు అక్కర్లేదు. వేలి వెనుక భాగంతో చెంపను తాకినప్పుడు జిడ్డుగా జారకపోతే తరువాతిది రాయవచ్చు. నిజంగా ఆగవలసింది రెటినాల్‌కు ముందు మాత్రమే. తడి ముఖం మీద అది మంట పుట్టించే అవకాశం ఎక్కువ కాబట్టి, ఇంటికి రాగానే ముఖం కడుక్కుని, 20 నుంచి 30 నిమిషాలు మీ పనులు చూసుకుని, ఆ తరువాత బఠాణీ గింజంత రాసుకోండి. (అద్దం ముందు నిలబడే ఆగాలన్న నియమం ఏదీ లేదు.) మాయిశ్చరైజర్‌ తీరు ఇందుకు పూర్తిగా విరుద్ధం, చర్మంలో చెమ్మ ఉండగానే రాస్తే ఆ చెమ్మను పట్టి ఉంచుతుంది. అందువల్ల రెటినాల్‌ చురుక్కుమనిపించే చర్మమైతే, ముఖం కడిగిన వెంటనే మాయిశ్చరైజర్‌ రాసి, అది ఇంకాక రెటినాల్‌ వాడవచ్చు. గర్భం దాల్చాలనుకుంటున్నా, దాల్చినా రెటినాల్‌ను పూర్తిగా మానేయాలి.

మొదట్లో రెటినాల్‌ రోజు విడిచి రోజు చాలు. మీ వంటివారు పొరబడేది సెలవు రోజున: ఉదయం రాసుకుని పడుకున్నవారు, ఆ రాత్రి మళ్లీ నిద్రపోతూ ఇంకోసారి రాసేస్తారు. నిద్రలను కాక, కిందటిసారి రాసి ఎన్ని గంటలైందో లెక్క చూసుకోండి.