'చాలక నాడి'లో చాలనిది ఏమిటి?

సందేహం: మా అమ్మాయి జీవశాస్త్ర పాఠంలో 'చాలక నాడులు' అని ఉంది. బలం చాలని నరాలనా అర్థం? నాడి అంటే వైద్యుడు చేయి పట్టుకుని చూసేది కదా! రెండు కాళ్లూ పడిపోయినా పక్షవాతం అనవచ్చా?

సమాధానం: 'జీతం చాలక అప్పు చేశాడు' అన్నప్పటి 'చాలక' అచ్చతెలుగు, 'చాలు' మీద వచ్చిన వ్యతిరేక క్త్వార్థకం. పాఠంలోని 'చాలక' సంస్కృతం. చల్ ధాతువు నుంచి పుట్టింది, కదిలించేది అని అర్థం. కార్యాలయాల బోర్డుల మీద కనిపించే 'సంచాలకులు' దీని చుట్టమే. రెండూ ఒకే రూపంలో ఉండటం వల్ల వచ్చిన చిక్కు ఇది; తప్పు మీది కాదు. వేడి గిన్నె అంచు తగలగానే కాలిన కబురు మోసేది జ్ఞాననాడి, చేతిని వెనక్కి లాగమని కండరానికి ఆజ్ఞ చేరవేసేది చాలకనాడి.

ఇక నాడి. వైద్యుడు మణికట్టు దగ్గర చూసేది ధమని కొట్టుకోవడాన్ని. పాఠ్యపుస్తకాలు అదే మాటకు మరో అర్థం కట్టబెట్టాయి. పోనీ 'నరం' అందామంటే, సూది గుచ్చేవారు 'నరం దొరకలేదు' అంటారు. వారు వెతికేది సిరను! కండరం పట్టేసినా జనం నోట అది నరమే. కాబట్టి పుస్తకంలో నాడి, ఇంట్లో నరం అనుకుంటే గొడవ లేదు.

పక్షం అంటే పక్క. (పదిహేను రోజుల్లో తగ్గే జబ్బు కాబట్టి ఆ పేరని ఒక పెద్దమనిషి నాతో వాదించారు.) మెదడు నుంచి దిగే చాలక మార్గాల్లో ఎక్కువ భాగం వెన్నుపాముకు కాస్త పైన అటువి ఇటు దాటుతాయి. అందుకే మెదడు కుడివైపు దెబ్బతింటే ఎడమ కాలూ చేయీ పడిపోతాయి. రెండు కాళ్లకూ పక్షవాతమని పత్రికలు రాస్తున్నా, పదం అందుకు ఒప్పదు. 'కాళ్లు పడిపోయాయి' అనే మాట ఉండగా వేరేది దేనికి? పోలియోలో వెన్నుపాములోని చాలక కణాలే చచ్చి కాలు వేలాడిపోతుంది. దానికీ ఈ మాటే సరిపోతుంది.

కదలికలన్నీ వాతం పనే అన్నది ఆయుర్వేదం మాట. అందుకే కంపవాతం, ధనుర్వాతం కూడా ఆ వరుసలో చేరాయి. 1817లో జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన వణుకుడు జబ్బుకు మనవాళ్లు కంపవాతమన్న పేరే పెట్టుకున్నారు. ధనుర్వాతంలో మాత్రం ఏదీ పడిపోదు: చాలక కణాలను అదుపులో ఉంచే కళ్లెం తెగి, కండరాలన్నీ బిగుసుకుని, ఒళ్లు వింటిబద్దలా వెనక్కి వంగుతుంది.