ముందు ఆ టార్పాలిన్ తీసేయండి

రిస్టోరేషన్‌కు, అంటే పాత కారును మళ్లీ కొత్తదానిలా చేయించడానికి, డబ్బు కూడబెట్టడానికి మూడేళ్లు పట్టేలా ఉంది, అప్పటిదాకా పాత కారును ఎలా కాపాడుకోవాలి అని అడిగారు. కదలకుండా ఉండడం కంటే చెమ్మకే కారు ఎక్కువ పాడవుతుంది. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పి ఉంటే ఇవాళే తీసేయండి.

నాన్న కారుకు నేను అదే కప్పాను. షెడ్డులో పెట్టి, నాలుగు పక్కలా తాళ్లతో బిగించి, ఇక భద్రం అనుకున్నాను. వానాకాలం పోయాక విప్పితే పట్టా లోపలి వైపంతా నీటి బొట్లు. తలుపు తీయగానే ముక్కిన వాసన. డ్రైవరు కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి వేలితో నొక్కితే రేకు ఎండుటాకులా పొడిపొడిగా రాలి, కింద నేల కనబడింది. నాన్న పక్కనే ఉన్నారు, ఒక్క మాటా అనలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

షెడ్డు ఎక్కడా కారలేదు. నేలలోంచి లేచిన చెమ్మ పైకి పోయే దారి లేక రేకు మీదే పేరుకుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే తుప్పు వేగం బాగా పెరుగుతుంది. ప్లాస్టిక్ పరచాల్సింది కారు కింద, నేల మీద. పైన గాలాడే గుడ్డ కవరు చాలు.

"వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేస్తూ ఉండు" అని ప్రతివాళ్లూ సలహా ఇస్తారు. వినకండి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కకపోతే ఆ ఆవిరి సైలెన్సర్‌లో, ఆయిల్‌లో నీరై మిగిలిపోతుంది. అంతకంటే ఆయిల్ మార్చి, స్పార్క్ ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, అప్పుడప్పుడు ఇంజన్‌ను చేత్తో తిప్పడం మేలు. ఇంజన్‌కు పెట్రోలు, గాలి కలిపి అందించే కార్బురేటర్‌లో పెట్రోలు ఉంచితే జిగురు కడుతుంది, ఖాళీ చేయండి. బ్యాటరీ విప్పేయండి. హ్యాండ్‌బ్రేక్ వేసి వదలొద్దు, బ్రేక్ లైనింగులు డ్రమ్ములకు పట్టేస్తాయి. దానికి బదులు కారు దొర్లకుండా చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డు పెట్టండి. సైలెన్సర్ గొట్టం మూయడం మర్చిపోకండి, ఎలుకలు దూరతాయి. మా ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడే కట్టాయి.

చేతిలో నాలుగు డబ్బులు పడగానే చాలామంది క్రోమ్ సామాన్లు, సీటు కవర్లు కొంటారు. నాకు అది చూస్తే ఒళ్లు మండుతుంది. కింద ఫ్లోరు కరిగిపోతుంటే తళతళలాడే బంపరు ఎందుకు? మొదటి రూపాయి తుప్పు ఆపడానికే పెట్టండి.

మేం ఫ్లోరుకు కొత్త రేకు వెల్డింగ్ చేయించాం. రంగుకు ఇంకా డబ్బు కూడలేదు. నాన్న రోజూ సాయంత్రం షెడ్డుకెళ్లి, తలుపు తీసి, లోపల ఒకసారి వాసన చూసి వస్తారు.