తమ్ముడికి తెలియకుండా మాత్ర కూరలో కలిపి పెట్టొచ్చా?

మీ తమ్ముడు స్కిజోఫ్రీనియా మాత్రలు మానేసి, అన్నంలో ఏదో కలిపారంటూ కంచం తోసేస్తున్నాడని రాశారు. మాత్ర పొడి చేసి కూరలో కలపమంటున్నారట మీ బంధువులు. వద్దండి. అతని అనుమానమే అది కదా. ఒక్కసారి దొరికిపోయారంటే, ఇక మీ చేత్తో ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టడు.

మా అన్నయ్యకు ఈ జబ్బు మొదలై చాలా ఏళ్లయింది. అనుమానం ముదిరితే తను తినేవి రెండే: ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు. రెండూ తనే ఒలుచుకోవచ్చు! అది గమనించాక అమ్మ అన్నం గిన్నె, కూర గిన్నె తెచ్చి మధ్యలో పెట్టేది. అందరం అందులోంచే వడ్డించుకునేవాళ్లం, అన్నయ్య కూడా. "ఎవరూ ఏమీ కలపలేదురా" అని వాదించి లాభం లేదు, అలాగని అవునని తలూపకూడదు. "భయంగా ఉన్నట్టుంది, నేనూ ఇదే తింటున్నా చూడు" అంటే కాస్త మెత్తబడేవాడు.

మాత్రలు ఎందుకు మానేశాడో అడిగారా? రిస్పెరిడోన్‌తో ఒళ్లు బిగుసుకుపోవచ్చు, చేతులు వణకొచ్చు. ఓలాంజపిన్‌తో మత్తు, బరువు, షుగర్. ఇవి డాక్టరుకి చెబితే మోతాదో మందో మారుస్తారు. రోజూ మాత్ర దగ్గర గొడవైతే నెలకోసారి వేసే ఇంజెక్షన్ల గురించి అడగండి. మా ఇంట్లో సగం టెన్షన్ తగ్గింది దానితోనే.

నిద్ర మీద కన్నేసి ఉంచండి. అన్నయ్య అర్ధరాత్రి లేచి కిటికీలు మూయడం మొదలుపెట్టాడంటే మేమిక ఆగం, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్తాం.

అతను రానంటే ముందు మీరే 14416కి ఫోన్ చేయండి. టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. తిండి పూర్తిగా మానేసినా, ఎవరికైనా ప్రమాదమనిపించినా మాత్రం ఆలస్యం చేయొద్దు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, అతను ఒప్పుకోకపోయినా, నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (తన వైద్యం విషయంలో అండగా ఉండమని అతనే ఎంచుకున్న మనిషి) దరఖాస్తు పెడితే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, అవసరమనుకుంటే 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు.

ఆ రిప్రజెంటేటివ్ ఎవరో మనిషి బాగున్న రోజుల్లోనే రాయించి పెట్టుకోవాలి. తెల్ల కాగితం మీద రాసి అతను సంతకం చేస్తే చాలు. మా అన్నయ్య నా పేరు రాస్తాడనుకున్నా, బాబాయి పేరు రాశాడు. కొంచెం చిన్నబుచ్చుకున్నా గానీ, ఆసుపత్రికి పద అంటే లేచి చెప్పులేసుకునేది బాబాయి మాటకే.