అలల మీద ఎల్ఈడీ వెలగకపోవడానికి కారణం

అలలతో కరెంటు పుట్టించాలని పైపుకు కాయిల్ (రాగి తీగ చుట్లు) చుట్టి, లోపల అయస్కాంతం పెట్టి, తేలే డబ్బాకు బిగించారు. చేత్తో ఊపితే వెలిగే దాని ఎల్ఈడీ కొత్తపట్నం సముద్రంలో వెలగట్లేదంటే తప్పు కాయిల్‌ది కాదు. అల వచ్చినప్పుడు పైపు, కాయిల్, లోపలి అయస్కాంతం మూడూ కలిసే లేస్తున్నాయి, కలిసే దిగుతున్నాయి. వాటి మధ్య కదలిక లేకపోతే కరెంటు పుట్టదు. చుట్లు పెంచినా దండగే.

1. కాయిల్ తేలే డబ్బాకే ఉండనివ్వండి.

2. అయస్కాంతాన్ని పైన స్ప్రింగుకు వేలాడదీసి, కింద తాడుతో లంగరుకు కట్టండి. అందరూ వదిలేసేది ఇదే. అల లేస్తే డబ్బా పైకి పోతుంది, అయస్కాంతం అక్కడే ఆగుతుంది. అల దిగినప్పుడు తాడు సడలకుండా స్ప్రింగు లాగి పట్టుకుంటుంది. తాడు పొడవు ఆటుకూ పోటుకూ సరిపోవాలి. ఆటులో సడలిందా, మళ్లీ మొదటికే. ఇసుక బస్తాను లంగరుగా వేస్తే కాస్త పెద్దదే వేయండి, నీళ్లలో దాని బరువు బాగా తగ్గుతుంది.

3. అల మీ చేతికన్నా చాలా నిదానం, కాబట్టి వోల్టేజి తక్కువే వస్తుంది. అటూ ఇటూ మారే కరెంటును ఒకే దిక్కుకు మార్చే డయోడ్ల బ్రిడ్జిలో మామూలు సిలికాన్ డయోడ్లు దాదాపు 1.4 వోల్టులు తినేస్తాయి. అంతకన్నా తక్కువ తినే షాట్కీ డయోడ్లు పెట్టండి.

(కేరళలోని విళింజంలో 1991 నాటి 150 కిలోవాట్ల అలల కరెంటు ప్లాంటుదీ ఇదే సూత్రం, ఒకటి ఆగాలి, ఒకటి కదలాలి: కాంక్రీటు గది కదిలేది కాదు, లోపలి నీరే లేచి పడేది.)

అలలు విరిగే చోట మాత్రం దించకండి, తాడు నిలవదు.